పిడుగు చెవులు

బీరువాల షాపులో అతన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను పిడుగు. కొత్తవాళ్ళు ఆ పేరు వినగానే ఎవరో కండలు తిరిగిన కుర్రాడు వస్తాడని గుమ్మం వైపు చూస్తారు. తీరా వచ్చేది బట్టతల మొదలై, మీసం సగం నెరిసి, పొట్ట కాస్త ముందుకొచ్చిన మనిషి. ఇనప రేకుల సొట్టలు తీయడం అతని పని. రేకు వంచి, అతుకులు వేసి పంపిన బీరువా తలుపు ఎంత జాగ్రత్తగా చేసినా ఎక్కడో ఒకచోట లొత్త పడి ఉంటుంది. అతను కళ్ళు మూసుకుని అరచేత్తో తలుపంతా నెమ్మదిగా నిమురుతాడు. లొత్త దగ్గర చెయ్యి ఆగుతుంది. వెనక ఇనప దిమ్మ ఆనించి ముందు నుంచి చెక్క సుత్తితో కొడతాడు. ఆ తర్వాతే తలుపు రంగుకి వెళుతుంది.

ఆ పేరు పనిలో వచ్చింది కాదు, ఆటలో వచ్చింది. షాపు వెనక తుక్కు రేకులు పోసే ఖాళీ జాగాలో రెండు గొట్టాలు పాతి, వాటి మధ్య నెట్ కట్టుకుని, పని దిగాక రోజూ వాలీబాల్ ఆడతారు. పగలంతా వంగి పనిచేసిన నడుములు అక్కడ లేచి నిలబడతాయి. అతను నెట్ దగ్గర ఎగిరి కొట్టాడంటే ఆ బంతిని తీసేవాడు లేడు. ఇంట్లో పై అరలో డబ్బా తీయమంటే స్టూలు అడిగే మనిషి, అంత ఎత్తు ఎలా ఎగురుతాడో అతని భార్యకి ఎప్పటికీ అర్థం కాలేదు.

ఆ షాపువాళ్ళది అదో లోకం. సుత్తుల మోత, కోత మిషను కీచు, రంగు గదిలో గాలి మిషను రొద. ఒకరి మాట ఒకరికి వినపడదు. వినపడక అరుస్తారు, అరవడం అలవాటై ఇంటికెళ్ళాక కూడా అరుస్తారు. పిడుగు కంచం ముందు కూర్చుని ఉప్పు అందించమన్నాడంటే పక్కింటివాళ్ళు కూడా ఉప్పు డబ్బా వెతుక్కోవాలి. సాయంత్రం ఆటప్పుడు కూడా గాలి మిషను ఆగదు. ఆ రొదలో ఎవరు బంతికి వెళుతున్నారో తెలియక ఒకసారి ఇద్దరు వెల్డర్లు తలలు ఢీకొని నుదుళ్ళు బొప్పి కట్టించుకున్నారు. అప్పుడు పిడుగే ఒక నియమం పెట్టాడు. బంతి తీసుకునేవాడు గొంతెత్తి "నాది!" అనాలి. ఒకరు అన్నాక మిగిలినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. అన్నవాడు బంతి పోగొట్టినా సరే, తిట్టకూడదు. ఇంకొకడి బంతిలో చెయ్యి పెట్టినవాడు ఆ రోజుకి ఆట మానేసి గట్టున కూర్చోవాలి. షాపులో ఓనరు మాటకైనా ఎదురు చెప్పేవాళ్ళున్నారు కానీ ఈ నియమానికి ఎదురు లేదు.

ఏడాదికొకసారి ఓనరు షాపు మూసి, అందరినీ కుటుంబాలతో సహా ఊరి బయట సరస్సు దగ్గరకి తీసుకెళతాడు. పడవలు ఎక్కడం, తాడు లాగడం, చివర్లో వాలీబాల్. మగవాళ్ళు ఆడతారు, ఆడవాళ్ళు చెట్ల కింద సంచులకి కాపలా కూర్చుని చప్పట్లు కొడతారు. కిందటేడాది తిరిగొచ్చే దారిలో పిడుగు భార్య అడిగింది.

"ఏవండీ, ఆ సంచుల్ని ఎవరెత్తుకుపోతారని మేం కాపలా? మేమెందుకు ఆడకూడదు?"

ఆమె ఒక బట్టల దుకాణంలో ఆల్టరేషన్ కౌంటర్ చూస్తుంది. పొడుగైన ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం, తెగిన జిప్పులు మార్చడం. నోరు మెత్తన, పట్టు గట్టిది. అడిగి ఊరుకోలేదు. ఈసారి ప్రయాణం ఇంకా నెలకి పైగా ఉందనగా, దుకాణం నుంచి నేరుగా షాపు వెనక్కి రావడం మొదలుపెట్టింది. పదో తరగతి చదివే కూతురు కూడా తోడొచ్చేది.

అతనే నేర్పాడు. రెండు చేతులూ కలిపి, మోకాళ్ళు వంచి, ముంజేతుల మీద బంతిని ఎలా తీసుకోవాలో చూపించాడు. మొదట్లో బంతి వస్తుంటే ఆమె కళ్ళు మూసుకునేది. రంగుల మాస్టారు, అంటే షాపులో బీరువాలకి రంగు కొట్టే పెద్దాయన, ఆటపట్టించేవాడు.

"ఏమ్మా, కొడతావా, కొలతలు తీసుకుంటావా?"

"కొలతలు తీసుకునే కొడతా బాబాయ్, మీరు కాస్త పక్కకి జరగండి!" అనేది.

ముంజేతులు కందిపోయేవి. ఇంటికెళ్ళాక తల్లీకూతుళ్ళు చన్నీళ్ళలో చేతులు ముంచుకుని ఒకరి చేతులు ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. ఇంట్లో అంత నవ్వు అతను చాన్నాళ్ళకి విన్నాడు. మెల్లగా బంతి ఆమె మాట వినడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకోవడం పోయింది. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి అక్కడికి చేరుకునేది. పిడుగు గర్వపడ్డాడు. మా ఆవిడ అని అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత హాయిగా గడిచిన రోజులు వాళ్ళకి లేవు.

ఇక సరస్సు దగ్గర జరిగింది చెప్పాలి.

ఈసారి ఆమె కూడా పిడుగు జట్టులోనే దిగింది. ఆ రోజు ఆట చివరిదాకా సమానంగా సాగింది. చివరికి ఒక్క పాయింట్ కొడితే పిడుగు జట్టు గెలుస్తుంది. అవతల నుంచి బంతి పైకి లేచి, తొందరేమీ లేనట్టు మెల్లగా దిగుతోంది. సరిగ్గా అతని భార్య ముందుకి. ఆమె మోకాళ్ళు వంచింది, చేతులు కలిపింది, తలెత్తి "నాది!" అంది.

సరస్సు దగ్గర సుత్తులు లేవు, కోత మిషను లేదు, గాలి మిషను లేదు. ఆ మాట అతనికి గంట కొట్టినంత స్పష్టంగా వినబడింది. అయినా వెళ్ళాడు. వెనక నుంచి పరిగెత్తుకొచ్చి ఎగిరి, ఆమె భుజం మీదుగా ఆ బంతిని అవతలి మూలకి బాదాడు. పాయింట్ వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు. ఆ కేక పూర్తయ్యాక కిందికి చూశాడు. ఇక్కడ అతన్ని వెనకేసుకురావడానికి వీల్లేదు, ముందు కేక పెట్టాడు, ఆ తర్వాతే చూశాడు. అతని ఒంటి బరువుకి ఆమె ముందుకి తూలి కుడిచెయ్యి మీద పడిపోయి ఉంది.

అందరూ చుట్టూ మూగారు. ఆమె మొహం పాలిపోయింది. నొప్పితో పళ్ళు బిగపట్టి ఆమె అన్న మొదటి మాట, "ఆయన్నేం అనకండి. పాపం, ఆయనకి వినపడలేదు."

రంగుల మాస్టారు వెంటనే అందుకున్నాడు. "రేకులు కొట్టేవాడికి చెవులెక్కడ మిగులుతాయమ్మా! ఏరా, వినపడలేదు కదూ?"

పిడుగు తలూపాడు. నోరు తెరిచి అబద్ధమేమీ ఆడలేదు, తలూపాడంతే. దానికే ఆ తర్వాత అతనికి అన్నం సహించలేదు.

మణికట్టు ఎముక విరిగింది. మోచేతి దాకా కట్టు వేశారు. కత్తెర పట్టే చెయ్యి. కౌంటర్‌లో ఆమె పని కూడా పక్కావిడే నెత్తినేసుకుని చేస్తోంది. ఆమె ఇంట్లో కూర్చుని ఎడంచేత్తో కత్తెర పట్టి పాత పేపర్లు కత్తిరించి చూసుకునేది. గీత మీద నడవాల్సిన కత్తెర తాగినవాడిలా తూలేది. నవ్వేసి పక్కన పెట్టేసేది. ఆ నవ్వు చూస్తే అతనికి ప్రాణం చచ్చినంత పనయ్యేది.

అంట్లు తోమాడు, బట్టలు ఉతికాడు, కూతురు బడికెళ్ళే తొందరలో ఉంటే భార్యకి తనే జడ వేశాడు. జడ అడ్డదిడ్డంగా వచ్చేది. పక్కింటావిడ వాళ్ళాయన్ని గుమ్మంలోకి లాక్కొచ్చి, "చూడండి, చూసి నేర్చుకోండి, మొగుడంటే అలా ఉండాలి" అంది. పిడుగు చేతిలో అంట్ల గిన్నెతో నేలలోకి కుంగిపోతే బాగుండుననుకున్నాడు. తిట్టినా బాగుండేది. మెచ్చుకుంటుంటే ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి వచ్చిపడింది. వినపడలేదని ఒప్పుకున్నాక, ఇక వినపడకూడదు కదా! భార్య అతనితో మాట్లాడేముందు భుజం తట్టి, ఎదురుగా వచ్చి, గొంతు పెంచి ఒక్కో మాటా విడదీసి చెప్పడం మొదలుపెట్టింది. విసుక్కునేది కాదు. కూతురు చేతులతో సైగలు చేసేది. అతను అప్పుడప్పుడు "ఆఁ? ఏంటి?" అనక తప్పేది కాదు. అన్న ప్రతిసారీ ఆమె ఓపిగ్గా మళ్ళీ చెప్పేది. ఆ ఓపిక అతన్ని కాల్చుకు తినేది.

షాపులో ఓనరు మరీ కుమిలిపోయాడు. "ఇదంతా నా షాపు చేసిన పాపమయ్యా. ఇన్నేళ్ళూ మీ చెవుల సంగతే పట్టించుకోలేదు" అని అందరికీ చెవులు మూసే తొడుగులు తెప్పించాడు. పిడుగు చేతిలో సుత్తి తీసుకుని, పరీక్ష చేయించుకునేదాకా ముట్టుకోవద్దన్నాడు. తలుపులకి పిడులు బిగించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నిజం ఆ రోజే ఓనరుకి చెప్పేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఓనరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. అలాంటప్పుడు ఎలా చెప్పడం అని ఆగాడు. ఆగడానికి మనిషికి ఎప్పుడూ ఏదో ఒక కారణం దొరుకుతుంది. సాయంత్రం ఆటకి కూడా వెళ్ళడం మానేశాడు. భార్యని చూసుకోవాలని వెళ్ళడం లేదనుకుని దానికీ మెచ్చుకున్నారు.

ఒక సాయంత్రం అతను వసారాలో బట్టలు మడతపెడుతున్నాడు. లోపల తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటున్నారు. అతనికి వినపడదనుకుని తలుపు కూడా వేసుకోలేదు.

"అమ్మా, కట్టు విప్పాక మళ్ళీ ఆటకెళదామా?"

"నువ్వెళ్ళు. నేను రాన్లే."

"ఎందుకమ్మా? నువ్వు బాగా ఆడతావు కదా!"

ఆమె మెల్లగా అంది. "ఆ బంతి నాకు అందేదేనే. అందేదనే అనుకున్నాను. నాది అని కూడా అన్నాను. గట్టిగా అనలేదేమో. అసలు అందేది కాదేమో, మీ నాన్న చూసి అడ్డం పడ్డారేమో. ఏమో! ఈ వయసులో నాకెందుకీ ఆటలు, అందరి పనీ పాడుచేసి కూర్చున్నాను."

అతని చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. చెయ్యి విరిగినందుకు బాధపడుతుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. విరిగిన చెయ్యి అతుక్కుంటుంది. నెలరోజులు చేతులు కందిపోయేలా నేర్చుకున్న ఆట తనకి రాదని ఆమె నమ్మేస్తోంది. ఆ నమ్మకం పోగొట్టగలిగేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు వసారాలో చెవిటివాడి వేషం వేసుకుని బట్టలు మడతపెడుతున్నాడు. లోపలికెళ్ళి చెప్పేయాలని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. ఆమె అతన్ని చూసి నవ్వి, గొంతు పెంచి, "ఏం కా-వా-లం-డీ?" అంది. అతను తల అడ్డంగా ఊపి వెనక్కి వచ్చేశాడు.

వినికిడి పరీక్షకి ఆమె కూడా బయల్దేరింది. డాక్టరు చెప్పేది అతనికి వినపడకపోతే ఎలా అని ఆమె దిగులు. ఆస్పత్రిలో పరీక్ష చేసే అమ్మాయి అతన్ని గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి పెద్ద తొడుగులు పెట్టి, చేతికి ఒక బొత్తం ఇచ్చింది.

"చిన్న చిన్న చప్పుళ్ళు వస్తాయండీ. ఎంత సన్నగా వినపడినా సరే, వినపడగానే నొక్కండి."

తలుపు మూసుకుంది. అంత నిశ్శబ్దం అతను ఎప్పుడూ ఎరగడు. తన గుటక తనకే వినపడుతోంది. ఎక్కడో దూరంగా కీచుమని ఒక చప్పుడు. బొత్తం మీద వేలు బిగుసుకుంది. నొక్కలేదు.

నొక్కకపోతే సరిపోతుంది. వినపడదని డాక్టర్లే తేలుస్తారు. ఇక ఎవరూ ఏమీ అడగరు, తను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. సుత్తి పోతుంది, పోనీ. పిడులు బిగించుకుంటూ బతికేయొచ్చు. బతికినన్నాళ్ళూ భార్య భుజం తట్టి గట్టిగా మాట్లాడుతుంది.

గాజులోంచి ఆమె కనిపించింది. బల్ల అంచున కూర్చుని, కట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, ముందుకి వంగి అతని వేలి వంకే చూస్తోంది. నొక్కాలి, నొక్కాలి అన్నట్టు ఆమె పెదాలు కదులుతున్నాయి. అతనికి వినపడాలని ఆమె అంతగా కోరుకుంటోంది. మళ్ళీ చప్పుడు వచ్చింది. నొక్కాడు. ఇంకా సన్నగా వచ్చింది. నొక్కాడు. దోమ రొద కంటే సన్నటివి, ఉన్నాయో లేవో తెలియనివి, అన్నిటికీ నొక్కుకుంటూ పోయాడు. నొక్కిన ప్రతిసారీ ఆమె మొహం విప్పారడం చూశాడు. ఆ సంతోషం ఇంకెంతసేపు ఉంటుందో అతనికి తెలుసు.

"మీ చెవులకి ఢోకా లేదండీ!" అంది ఆ అమ్మాయి తలుపు తీస్తూ. "మొదట్లో ఒకటి వదిలేశారు, కంగారుపడ్డట్టున్నారు. అంత మోతలో పనిచేస్తూ ఈ వయసులో ఇంత బాగా వినపడటం అదృష్టమే. తొడుగులు మాత్రం మానకండి."

"హమ్మయ్య!" అంది భార్య. ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంది. "చూశారా, అనవసరంగా ఎంత భయపడ్డామో!" ఆ అమ్మాయికి రెండుసార్లు థాంక్స్ చెప్పింది. వరండా అంతా నవ్వుతూనే నడిచింది. మెట్లు దిగడం మొదలుపెట్టారు. సగం మెట్లు దిగాక ఆమె ఆగింది.

అతను రెండు మెట్లు కిందికెళ్ళి వెనక్కి తిరిగాడు. ఆమె మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, కానీ కళ్ళు అతని మొహం మీద దేనికోసమో వెతుకుతున్నాయి.

"అయితే ఆ రోజు..." అంది.

"వినపడింది" అన్నాడు.

"నేనన్నది?"

"నువ్వన్నది. ముందే వినపడింది. నేను కదలకముందే."

మెట్లెక్కేవాళ్ళు వాళ్ళని తప్పుకుని వెళుతున్నారు. ఆమె గోడవైపు జరిగి నిలబడింది. తిడుతుందని, ఏడుస్తుందని అతను ఎదురుచూశాడు.

"నాకు అందేదా ఆ బంతి?" అని అడిగింది.

"అందేది."

"నిజం చెప్పండి. నా మనసు కోసం చెప్పకండి."

"నువ్వు సరిగ్గా దాని కిందే ఉన్నావు. మోకాళ్ళు, చేతులు, అన్నీ సరిగ్గా పెట్టావు. అంత బాగా నేను కూడా పెట్టను. నువ్వు లేపేదానివి, మనం గెలిచేవాళ్ళం."

"మరెందుకొచ్చారు?"

ఈ ప్రశ్న అతను తనని తాను అడుక్కోకుండా ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాడు. భార్య పోగొడుతుందని భయపడ్డాననే తనకి తాను చెప్పుకున్నాడు. అది కూడా అబద్ధమే. ఆమె నిలబడ్డ తీరు చూడగానే బంతి పోదని అతనికి తెలిసిపోయింది.

"చివరి దెబ్బ నేను కొట్టాలనిపించింది" అన్నాడు. "అంతే. ఇంకేం లేదు."

ఆమె తలూపింది. అతన్ని దాటుకుని మెట్లు దిగి, వెనక్కి చూడకుండా బస్టాప్ వైపు నడిచింది. అతను వెనకే నడిచాడు. బస్సు వచ్చింది. ఇద్దరు కూర్చునే సీటు ఒకటి మొత్తం ఖాళీగా ఉన్నా, ఆమె ముందుకెళ్ళి ఎవరో పెద్దావిడ పక్కన కూర్చుంది. అతను ఆమె సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

పెద్దావిడ కట్టు వంక చూసి అయ్యో అంది. "చేతికేమైందమ్మా?"

ఇన్నాళ్ళూ దీనికి ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. వినపడక జరిగిందండీ, పాపం ఆయన తప్పేం లేదు అనేది. దుకాణంలో చెప్పింది, వీధిలో చెప్పింది, చుట్టాలకి ఫోన్‌లో చెప్పింది.

"మా ఆయన పడేశారండీ" అంది.

పెద్దావిడ ఉలిక్కిపడింది. ముందు సీట్లలో వాళ్ళు వెనక్కి తిరిగారు. "ఏ పాపిష్టివాడమ్మా వాడు?" అంది పెద్దావిడ గొంతు తగ్గించి.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పెద్దావిడ చూపు మెల్లగా పైకి లేచి, కమ్మీ పట్టుకుని నిలబడ్డ మనిషి మీద ఆగింది. తెలియనివాడిలా పక్కకి తిరగడం ఎంతసేపు? ఇన్నాళ్ళూ వినపడనట్టు నటించినవాడికి చేతనైన పనే అది.

"నేనేనండీ" అన్నాడు పిడుగు, బస్సంతా వినపడేలా. "బంతి ఆవిడదే."